నవ్వితే నొప్పెట్టిన ఎడమ భుజం

నాకు యాభై రెండేళ్ళు. తల మీద వెంట్రుకలు సగం సెలవు పెట్టాయి, మిగతా సగం తెల్లజెండా ఎత్తాయి. ఇంట్లో మనవరాలు తాతా అని పిలుస్తుంది. ఆస్పత్రిలో మాత్రం నేనింకా వార్డు బాయ్‌నే. ఎనిమిదో తరగతిలో బడి మానేసినందుకు దక్కిన వరమిది. చదువుకున్నవాళ్ళంతా ఎదిగి పెద్దవాళ్ళైపోయారు, నేను బాయ్‌గానే ఉండిపోయాను.

ఈ సంగతి కరోనా వార్డులు ఎత్తేసిన మరుసటి ఏడాది, కోతల కాలంలో జరిగింది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి క్యాజువాలిటీలో పగటి డ్యూటీ నాది. క్యాజువాలిటీ అంటే దెబ్బలు తగిలినవాళ్ళు, గుండెనొప్పి వాళ్ళు ముందుగా వచ్చిపడే గది. స్ట్రెచర్ తొయ్యడం, మనుషుల్ని మంచం మీదికి మార్చడం నా పని. జీతం లేకుండా చేసే పని ఇంకొకటుంది, నోరు ఆడించడం.

ఆ మధ్యాహ్నం పామర్రు వైపు నుంచి సుబ్బారావు అనే రైతు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. నేను స్ట్రెచర్ తోసుకుంటూ ఎదురెళితే, "నాకెందుకండీ ఇది?" అని ఆటో దిగి తన కాళ్ళ మీదే నడిచి లోపలికొచ్చాడు. వెనకాలే ఆయన భార్య రమణమ్మ. మోచెయ్యి కాస్త గీరుకుపోయింది, అంతే. ఎక్కడా నెత్తురు కారడం లేదు.

"ఎలా పడ్డారండీ?" అనడిగాను.

"రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద బండి జారింది బాబాయ్. హ్యాండిలొచ్చి పొట్టలో పొడిచింది."

"నడిరోడ్డు మీద ఆరబోసిన ఆ పెద్దమనిషెవరో, నాలుగు తిట్టకపోయారా?"

ఆయన తల గోక్కున్నాడు. రమణమ్మ అందుకుంది. "ఆ పెద్దమనిషి ఈయనేనండీ. మా ధాన్యమే."

చర్మం తెగకుండా లోపలికి తగిలే దెబ్బని మా దగ్గర బ్లంట్ ట్రామా అంటారు. కత్తిపోటైతే నెత్తురు బయటికొచ్చి కేకలేస్తుంది. ఈ రకం దెబ్బలో అది కడుపులో చేరి గుట్టుగా కూర్చుంటుంది. మన జనానికేమో నెత్తురు కనబడకపోతే అది దెబ్బే కాదు.

డ్యూటీ డాక్టరమ్మ వచ్చి ఫాస్ట్ స్కాన్ చేసింది. లోపల నెత్తురు చేరిందేమోనని పొట్ట మీద పరికరం ఆనించి గబగబా చూసే పరీక్ష అది. ఏమీ కనబడలేదు. "ఇప్పటికి బాగానే ఉంది. కానీ ఇక్కడే ఉండండి, కాసేపాగి మళ్ళీ చూస్తాను" అని ఇంకో కేసుకి వెళ్ళింది. సుబ్బారావుకి అందులో "బాగానే ఉంది" ఒక్కటే వినబడింది. కిటికీలోంచి చూస్తే మబ్బు కమ్ముకొస్తోంది. మంచం దిగి చెప్పుల కోసం వెతకడం మొదలెట్టాడు.

"వానొస్తే ధాన్యం తడిసిపోద్దండీ. తడిస్తే మొలకలొచ్చేస్తాయి. ఎళ్ళి బరకాలు కప్పేసి రేప్పొద్దున్నే వచ్చేస్తా."

అప్పుడొచ్చింది సుశీల సిస్టర్. గుణదల ఆవిడది. ఇలా లేచిపోయేవాళ్ళని మేమందరం బెదిరిస్తాం, ప్రాణాలు పోతాయంటాం. వాళ్ళు మరీ బిగుసుకుంటారు. సిస్టర్ ఒక స్టూలు లాక్కుని కూర్చుని, "ధాన్యం కప్పడానికి ఇంకెవరూ లేరా?" అనడిగింది. ఆ గదిలో ఆయన పొట్ట గురించి కాకుండా ధాన్యం గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"పక్క చేను మా అన్నయ్యదేనండీ. గట్టు తగాదా. మాటల్లేవు."

"మాటల్లేనిది మీ ఇద్దరికీ కదా. ఆయనకీ ధాన్యానికీ తగాదా లేదుగా?"

రమణమ్మ అప్పటికే ఫోను కలిపేసింది. సిస్టర్ తీసుకుని, ఫలానా ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నానని చెప్పిందో లేదో, అవతలి గొంతు మా అందరికీ వినబడింది. "వాడికేమైందమ్మా?" ధాన్యం మాట చెబితే, "నే కప్పిస్తా. ముందు వాణ్ణి మంచం దిగొద్దనండి" అంది ఆ గొంతు. సుబ్బారావు చెప్పులొదిలేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సిస్టర్ వెళుతూ వెళుతూ నాతో, "మస్తానన్నా, ఆయన్ని కదలనివ్వకుండా మాటల్లో పెట్టండి" అంది. నాకు చెప్పాలా! నా బడి కథ ఎత్తుకున్నాను.

"నేను బడి మానేస్తానంటే లెక్కల మాస్టారు మా ఇంటికొచ్చి మరీ బతిమాలాడండీ, మాన్పించొద్దని. మా నాన్న పొంగిపోయాడు. మావాడు అంత బాగా చదువుతాడా అంటే, అదేం లేదయ్యా, మీవాడు మానేస్తే ఆఖరి ర్యాంకు మా అబ్బాయికొస్తుందీ అన్నాడు."

సుబ్బారావు పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకున్నాడు.

"నవ్వించమాక బాబాయ్. భుజం పీకేత్తంది."

"భుజం కూడా నేలకి తగిలిందా?"

"లేదు. పడింది కుడిపక్కకి. పడుకున్న కాణ్ణించీ ఇట్టాగే ఉంది."

నేను పక్క మంచం దగ్గరున్న సిస్టర్‌కి వినబడేలా అన్నాను. "విన్నారా సిస్టర్! దెబ్బ పొట్టలో, నొప్పి భుజంలో. పామర్రులో వానొస్తే మంగళగిరిలో గొడుగు పట్టినట్టుంది ఈయన వ్యవహారం."

ఆవిడ నవ్వలేదు. చేతిలో పని పక్కనున్న సిస్టర్‌కి అప్పగించి వచ్చేసింది. "ఎడమ భుజమేనా? ఈ కొన దగ్గరా?" అని వేలు పెట్టి అడిగింది. నాడి పట్టుకుంది. దుప్పటి తీసి పాదాలు తాకి చూసింది. ఆయన దాహమేస్తోంది, సోడా కావాలన్నాడు. "ఇప్పుడేం తాగకూడదండీ" అని, తడిగుడ్డతో పెదాలు అద్దింది.

"బీపీ బాగానే ఉందిగా సిస్టర్?" అన్నాను మానిటర్ తెర వంక చూసి.

"బీపీ ఆఖర్న పడుద్దన్నా. డాక్టరుగార్ని పిలవండి. పరుగెత్తండి."

రెండో స్కానులో ఎడమ పక్కటెముకల కింద నల్లటి చార కనబడింది. అది నెత్తురు. స్ప్లీన్, అంటే ప్లీహం, పగిలింది. థియేటరుకి స్ట్రెచర్ తోస్తుంటే, "రెండో జోకు చెప్పనా సుబ్బారావుగారూ?" అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదాలు పాలిపోయాయి. రమణమ్మ స్ట్రెచర్ కమ్మీ వదలకుండా పక్కనే పరుగెడుతోంది. సుశీల సిస్టర్ ముందు నడుస్తూ, "నేనున్నానమ్మా, పదండి" అంటోంది. ఆరోజు నా నోరు మొదటిసారి మూతపడింది.

సర్జనుగారు స్ప్లీన్ తీసేసి, నెత్తురు ఎక్కించి ఆయన్ని నిలబెట్టారు. ఆటోలో వెనక్కి వెళ్ళుంటే ఉయ్యూరు దాటేవాడు కాదన్నారు.

తర్వాత సిస్టర్ని కూర్చోబెట్టి అడిగాను, ఆ భుజం గొడవేమిటని. స్ప్లీన్ నుంచి కారిన నెత్తురు పైకి చేరి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే పొరని రాపిడి పెడుతుందట. ఆ పొర నరమూ, భుజానికి పోయే నరమూ మెడ దగ్గర ఒకచోటే పుట్టినవి. అందుకే పడుకున్నా నవ్వినా భుజం పీకుతుంది. మరి బీపీ? "కాలవలో నీళ్ళు తగ్గితే ఏం చేస్తారు? పిల్ల కాలవల తూములు మూసేసి పెద్ద కాలవ మట్టం నిలబెడతారు. ఒళ్ళూ అంతే. చేతులకీ కాళ్ళకీ నెత్తురు తగ్గించి, గుండెకీ మెదడుకీ పంపుద్ది. మనం పెద్ద కాలవ ఒక్కటే చూస్తే నిండుగానే ఉంటది. పిల్ల కాలవ కూడా చూడాలి" అంది. అందుకే పాదాలు తాకి చూసిందావిడ. ఆ రోజు నుంచీ నేను కూడా మంచం మార్చేటప్పుడు పేషెంటు పాదం ఒకసారి పట్టుకుంటాను. చల్లగా తగిలితే జోకు ఆపేసి సిస్టర్ని పిలుస్తాను.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. మనిషిని మంచం మీద ఉంచాలంటే అతని మనసు ఎక్కడుందో ముందు అక్కడికి వెళ్ళాలి. సుబ్బారావు మనసు రోడ్డు మీద ధాన్యం దగ్గరుంది. సిస్టర్ అక్కడిదాకా వెళ్ళి, బరకం కప్పించి, ఆయన్ని వెనక్కి తీసుకొచ్చింది. డాక్టర్లు స్ప్లీన్ తీశారు సరే, ఆయన్ని వాళ్ళ చేతికి అందించింది ఆవిడ.

డిశ్చార్జి రోజున అన్నయ్య వచ్చాడు. "అంచుల్లో కాస్త తడిసిందిరా" అని తమ్ముడితో అదేదో తన తప్పైనట్టు చెప్పుకున్నాడు. ముగ్గురూ కారెక్కి వెళ్ళిపోయాక నేను ఛాతీ విరుచుకుని సిస్టర్ ముందు నిలబడ్డాను.

"ఒప్పుకోండి సిస్టర్. నేనా జోకు వెయ్యకపోతే ఆ భుజం నొప్పి సంగతి బయటపడేదా?"

"ఒప్పుకున్నానన్నా" అంది ఆవిడ, తల ఎత్తకుండానే. "మీ జోకుకి మనిషి నవ్వాడనగానే అనుకున్నా, లోపల ఏదో గట్టి దెబ్బే తగిలిందని."