ఒళ్లో సీపీయూ

ఉయ్యూరు కల్యాణమండపం యజమాని మా విజయవాడ ఆఫీసుకి ఎప్పుడొచ్చినా చెప్పులు బయటే విడిచేవారు. ఏది చెడినా ముందు “నా వల్లేనేమోనండీ” అనేవారు.

ఆయనకు నేను చేసిన వెబ్‌సైటులో మండపానికి దారి చూపే మ్యాప్ మా ఆఫీసులో కనిపించేది. ఆయనింట్లో బూడిదరంగు డబ్బా మాత్రమే వచ్చేది. “మీ కంప్యూటర్లోనే ఏదో ఉందండీ” అని ఫోన్లో తేల్చేశాను. మర్నాడు ఆయన సీపీయూని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు.

దుప్పటి విప్పకముందే నాకు తప్పు దొరికింది. మ్యాప్ కంపెనీ ఇచ్చే అనుమతి కోడ్‌ని, అంటే కీని, ఏ వెబ్ అడ్రసుకి తీసుకుంటే అక్కడే మ్యాప్ తెరుచుకుంటుంది. నేను తీసుకున్నది ఆఫీసులో మేం సైటుని పరీక్షించుకునే టెస్ట్ అడ్రసుకి. గబగబా కీని ఆయన సైటు అడ్రసుకి మార్చి, “మీ సిస్టమ్ బాగైందండీ” అన్నాను.

“నా డొక్కు సిస్టమ్ వల్ల మీకెంత శ్రమండీ!” అని చేతులు జోడించారాయన.

“పర్లేదండీ” అన్నాను, పెద్దమనసుతో క్షమించినవాడిలా.