గాజు పెట్టెలో లాకు గంట

నీళ్ళ మీద వదిలిన కార్తీక దీపం ఉన్నట్టుండి, నీళ్ళని ఆపే లాకు తలుపు వైపు పరుగెత్తింది. అప్పటిదాకా చెరువులా నిలిచి ఉన్న కాలువ. గాలి కూడా లేదు.

"అమ్మా, లుక్! నా దీపం వెళ్ళిపోతోంది!" అంటూ మా ఆరేళ్ళ అమ్మాయి అడుగుమెట్టు మీంచి చెయ్యి చాపింది. ఒక చేత్తో నాలుగేళ్ళ పిల్లాణ్ణి అదిమిపట్టుకుని, రెండో చేత్తో దాని కోటు టోపీ అందుకుని వెనక్కి లాగాను. దీపం పెట్టిన అల్యూమినియం గిన్నె తలుపు దగ్గర సుడి తిరిగి మునిగిపోయింది.

ఒహాయోలో మా అపార్ట్‌మెంట్ల వెనక కాలువ అది. ఒకప్పుడు కంచరగాడిదలు గట్టున నడుస్తూ గోధుమ పడవల్ని లాగేవట. రైలు వచ్చాక పూడిపోయింది. ఎనభైల మొదట్లో, మేము ఆ ఊరు వెళ్ళిన కొత్తలో, ఒక చరిత్ర కమిటీ దాన్ని తవ్వించి నీళ్ళు నింపింది. గోదావరి కాలువ పక్కన పెరిగినదాన్ని, ఎంత సంబరపడ్డానో! మా వైపు లాకు తెరిచేముందు, కాలువ చూసుకునే లస్కరు గట్టంతా వినబడేలా కేక వేసేవాడు. కేక లేదంటే నీళ్ళు కదలవు. ఆ నమ్మకంతోనే పిల్లల్ని మెట్లు దింపాను.

పైన లాకు తెరిచే చక్రం తిప్పుతున్న కమిటీ పెద్దాయన విసుక్కున్నాడు. "ట్రయల్ చేస్తున్నాం మేడమ్. నిప్పు పట్టుకుని ఇక్కడేం పని మీకు?"

"తెరిచేముందు చెప్పాలి కదా?"

"పూర్వం గంట కొట్టేవారు. అది ఇప్పుడు మా మ్యూజియంలో భద్రంగా ఉంది." గర్వంగానే చెప్పాడు.

ఒళ్ళు మండిపోయింది. రాయికి రాయి వెతికి పేర్చారు. మేకులు కూడా పాతకాలపువే కావాలని చేయించారు. మనిషి ప్రాణం కోసం పెట్టిన ఆ ఒక్క గంటని మాత్రం గాజు పెట్టెలో పెట్టి దుమ్ము దులుపుతున్నారు! దీన్నా చరిత్ర కాపాడటం అంటారు?

ఇంట్లో మా ఆయన, "పోనిద్దూ. వాళ్ళ ఊరు, వాళ్ళ కాలువ. మనం కంప్లెయింట్ చేస్తే ఏం బావుంటుంది?" అన్నారు.

"పిల్ల ఎవరిదండీ?" అన్నాను.

పొద్దున్న పాలూ సీరియలూ తింటున్న పిల్లలకి చెప్పాను: "గంట కట్టేదాకా ఆ మెట్లు దిగొద్దు. స్కూల్ అవగానే మ్యూజియంకి వెళ్తున్నాం. దీపం ఎలా పోయిందో ఆ అంకుల్‌కి నువ్వే చెప్పాలమ్మా, నీ ఇంగ్లీషులో. నేను పక్కనే ఉంటాను. గంట బయటికి తియ్యకపోతే రేపు కూడా వెళ్దాం."