పాత డిస్కులో వరికంకులు

"నీ సాఫ్ట్‌వేర్ యాడికి పోతది? గాడనే ఉంటది" అన్నాడు సూర్యాపేట కంప్యూటర్ షాపాయన. ఆ మాటైనా నా మొహం చూసి అనలేదు, మా అన్న మొహం చూసి అన్నాడు. కంప్యూటర్ నాది. అందులోని డిజైన్లు నావి. మిర్యాలగూడ నుంచి సీపీయూని దుప్పట్లో చుట్టి, చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది నేను. మా అన్న తోడొచ్చాడు, అంతే. అయినా అడిగేది నేను, జవాబు ఆయనకు!

మాది చిన్న షాపు. వదినా నేనూ కలిసి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తాం. జాకెట్ చేతుల మీదికి, వీపు మీదికి పువ్వులూ తీగలూ నేను కంప్యూటర్లో గీస్తాను. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మెషిన్‌కు పెడితే మెషిన్ కుడుతుంది. కటింగు, మిగతా కుట్టు వదినవి. నేను చదివింది పదో తరగతి. త్రిపురారం దగ్గర మా ఊళ్ళో నాన్న గొర్ల వెంట తిరుగుతుంటే, నేను కోదాడలో ఒక అక్క దగ్గర ఏడాదిపాటు ఉండి ఈ పని నేర్చుకున్నాను. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ కొనిపించింది కూడా ఆ అక్కే. దానికో చిన్న డాంగిల్ ఉంటుంది, తాళంచెవి లాగా. అది సీపీయూకి గుచ్చితే తప్ప సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు.

మా పాత విండోస్‌కు ఎప్పుడూ వైరస్సే. డిజైన్ల కోసం పది షాపుల పెన్‌డ్రైవ్‌లు మా దగ్గరికి వస్తుంటాయి, వైరస్ రాక ఏం చేస్తుంది? అందుకే సూర్యాపేట పోయాం. షాపాయన విండోస్ తీసేసి లినక్స్ వేస్తానన్నాడు. వైరస్ రాదట, వేగంగా నడుస్తుందట.

"అన్నా, నా డిజైన్ సాఫ్ట్‌వేర్ దాంట్ల నడుస్తదా?" అని అడిగాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

"అరే, అన్ని నడుస్తయమ్మా. ఏం చదివినవ్ నువ్వు?"

"పది."

ఆయన మా అన్న వైపు తిరిగి నవ్వాడు. "జాకెట్ల పువ్వులే గదా! రాకెట్ ఇడిసినట్టు పరేషాన్ అయితున్నది." తర్వాత నన్ను అడిగింది ఒక్కటే ముక్క. "డిజైన్లన్ని కాపీ చేస్కున్నవా?"

"మూడు పెన్‌డ్రైవ్‌లల్ల ఉన్నయి" అన్నాను గొప్పగా.

సీపీయూ అక్కడ వదిలి వచ్చిన మర్నాడే పెద్ద పని తగిలింది. రైస్‌మిల్లు వాళ్ళింట్లో పెళ్ళి. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఇంటి ఆడవాళ్ళంతా ఒకే డిజైన్ జాకెట్ వేసుకుంటున్నారు కదా, వాళ్ళకూ అలాగే కావాలట. నేను గీసిన వరికంకుల డిజైన్ నచ్చింది. ఆరేళ్ళ పిల్ల నుంచి నాయనమ్మ దాకా మొత్తం పదకొండు మంది. మిల్లువాళ్ళ పెద్దకోడలు గట్టిగా చెప్పింది. "ఎనిమిది రోజులల్ల గావాలె. కాదంటే ఇప్పుడే చెప్పు, ఇంకోతాన ఇచ్చుకుంట."

"ఎందుకు కాదక్కా, అయితది" అన్నాను. నా నోరు ఊరుకోదు.

రెండు రోజులకు సీపీయూ వచ్చింది. ఆన్ చేస్తే నిజంగానే చకచకా లేచింది. డాంగిల్ గుచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. నా సాఫ్ట్‌వేర్ ఉండే చోట వేరే ఏదో ఉంది. షాపాయనకు ఫోన్ చేశాను.

"అది దీంట్ల నడ్వదమ్మా. ఇంకోటి ఏసిన. ఫ్రీది. అది గూడ డిజైన్లు తెరుస్తది, సూడు" అన్నాడు, నాకేదో కానుక ఇచ్చినట్టు.

"నడుస్తదని చెప్పినవ్ గదన్నా!"

"అంత ముఖ్యమని నాకేం ఎర్క?"

మూడుసార్లు అడిగితే ముఖ్యం కాదా? ఇంకెన్నిసార్లు అడిగితే అవుతుంది? ఫోన్ పెట్టేశాక కూడా గోడతో పోట్లాడాను.

సరే అని పెన్‌డ్రైవ్ పెట్టాను. వరికంకులు తెరుచుకున్నాయి. నాయనమ్మ చేతికి సరిపోయేలా పెద్దవి చేసి మెషిన్‌కు ఇచ్చాను. కుట్ల మధ్య బట్ట కనిపిస్తోంది, దోమతెర లాగా. పిల్ల చేతికి చిన్నవి చేస్తే దారమంతా ఒకేచోట గుట్టపడి సూది విరిగింది. వదిన విరిగిన సూది తీసి నా అరచేతిలో పెట్టింది.

అప్పుడు వెలిగింది నాకు. రోజూ మేం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేది మెషిన్‌కు పెట్టే ఫైలు. అందులో ఉండేవి లెక్కకట్టిన కుట్లే. సైజు మారిస్తే కుట్లు దూరం జరుగుతాయి, లేకపోతే ఒకదాని మీద ఒకటి పడతాయి. గీత గీసిన అసలు ఫైలు వేరే. సైజు మార్చినప్పుడు కుట్లను మళ్ళీ సరిగ్గా వేసేది అదే. అది నా సాఫ్ట్‌వేర్లోనే తెరుచుకుంటుంది, ఆ ఫైళ్ళన్నీ పాత విండోస్‌లోనే ఉండిపోయాయి. మాకు డిజైన్ అంటే మెషిన్ కుట్టేదే. అందుకే "కాపీ చేస్కున్నవా" అంటే ఉన్నయన్నాను. ఈ తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ ఆయన ఆ నవ్వే టైములో "ఏది కాపీ చేసినవ్?" అని ఇంకొక్క మాట అడిగితే ఏం పోయేది?

కోదాడ అక్కకు ఫోన్ చేసి ఏడ్చాను.

"ముందు ఆ ఏడుపు ఆపవే. పాత డిస్కు మీదే వేశాడా, కొత్త డిస్కు పెట్టాడా?" అంది.

"కొత్తది పెట్టిండంట. అందుకే స్పీడున్నది అన్నడు."

"మరి పాతదేదీ? నీకిచ్చాడా?"

ఇవ్వలేదు. నేను అడగనూ లేదు.

"రేప్పొద్దున్నే పోయి తీసుకో. డాంగిలూ సీపీయూ పట్టుకుని అట్నుంచటే నా దగ్గరకి వచ్చెయ్" అంది.

ఈసారి ఒక్కదాన్నే పోయాను. షాపు తెరిచేసరికి మెట్ల మీద దుప్పటి మూటతో కూర్చుని ఉన్నాను.

"నా పాత డిస్కు ఇయ్యన్నా."

"అది పాతదైపోయిందమ్మా, దాంతోని ఏం జేస్తవ్?"

"ఉప్పు కారమేసి వండుకుంట. ఇయ్యి."

బల్ల మీద చూశాను. నా డిస్కు వేరే సీపీయూకి తగిలించి ఉంది. ఒకసారి సీపీయూ విప్పి దుమ్ము దులిపినప్పుడు వదిన డిస్కు మీద అంటించిన పసుపు రంగు స్టిక్కర్ చూసి గుర్తుపట్టాను. అడిగితే, ఫార్మాట్ చేసి ఇంకొకరికి వేయబోతున్నాడట! నేను అటు నడిచి వైరు పట్టుకున్నాను.

"ఏయ్, ముట్టొద్దు! ఏమున్నయి దాంట్ల, ఫొటోలా?"

"నా రెండేండ్ల పని ఉన్నది. నీకు పువ్వులు, నాకు బువ్వ. నన్ను అడగకుంట ఎట్ల తీసుకున్నవ్?"

షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఆయన గొంతు తగ్గించాడు. "జర మెల్లగ మాట్లాడమ్మా" అంటూ తనే విప్పి ఇచ్చాడు. ఎందుకు మెల్లగా మాట్లాడాలి? కోదాడ బస్సెక్కేదాకా గట్టిగానే మాట్లాడుకుంటూ పోయాను, నాతో నేనే.

అక్క రెండు డిస్కులూ సీపీయూలో బిగించింది. ఆన్ చేయగానే ఏది కావాలో అడిగేలా పెట్టింది. "ఈ పాతదానికి నెట్ ఇవ్వకు. బయటి పెన్‌డ్రైవ్‌లన్నీ కొత్తదాంట్లోనే తెరువు. ఇందులో నీ పని తప్ప ఏం పెట్టొద్దు" అంది. పాతది ఎంచుకుని డాంగిల్ గుచ్చాను. దాని ఎర్రలైటు వెలిగింది. వరికంకుల అసలు ఫైలు తెరుచుకుంది. అక్క ముందు నాతో ఆ ఫైళ్ళన్నీ కాపీ చేయించింది, ఆ తర్వాతే అన్నం పెట్టింది.

మిగిలినవి ఐదు రోజులు. పదకొండు మందికి పదకొండు కొలతలు. నాయనమ్మకు కంకులు పెంచాను, పిల్లకు గింజలు తగ్గించాను, కాడ సన్నం చేశాను. వదిన మెషిన్ ఆపకుండా నడిపింది.

చెప్పిన రోజే మిల్లువాళ్ళ పెద్దకోడలు వచ్చింది. జాకెట్లన్నీ బల్ల మీద వరసగా పరిచింది. నాయనమ్మ జాకెట్ మీద బొటనవేలితో రుద్ది చూసింది, చిన్నపిల్లది ఎత్తి వెలుతురుకు పట్టింది. కుట్ల మధ్య ఎక్కడా బట్ట కనిపించలేదు.

"అన్ని ఒక్కతీరుగ ఉన్నయి" అని సంతోషంగా నవ్వింది. "గంతేలే, మెషినే కుడ్తది గదా!"

నేను నోరు తెరిచాను. వదిన బల్ల కింద నా కాలు తొక్కింది. అయినా ఆగలేదు. "మెషిన్ కుడ్తదక్కా, గీసేది నేను. కూసో, చాయ్ తెప్పిస్త, ఎట్ల గీస్తనో చూపిస్త" అని కుర్చీ లాగాను.