గీయొద్దన్న గీత

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అడవి అంచున ఉన్న ఒక పామాయిల్ మిల్లులో ప్రోగ్రామర్‌గా చేరాను. మా ఊరు తిరుమలాయపాలెం దాటి చేసిన మొదటి ఉద్యోగం, ఒంటినిండా పొగరు. పామాయిల్ గెలలు తెచ్చే ట్రాక్టర్లలో గేటు దగ్గర ఏది ముందు లోపలికి పోవాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను నాకు అప్పగించారు. అది రాసింది మా సీనియర్ ఒక్కడే. బొగ్గుగని కార్మికుడి కొడుకు. కాగితం మీద ముక్క రాసిపెట్టలేదు, అంతా ఆయన బుర్రలోనే ఉంది.

వారం రోజులు కోడ్ చదివినా తలా తోకా దొరకలేదు. చివరికి నాలుగు చార్టులు అతికించి గోడకు కొట్టాను. ఒక్కో పనికి ఒక్కో గడి, ఏ పని తర్వాత ఏది నడుస్తుందో చెప్పడానికి బాణాలు. ఆయన టీ గ్లాసుతో వచ్చి నా తప్పులు దిద్దేవాడు.

"ఇన్నేండ్లకు నా పని నాకే కండ్లవడ్డది తమ్మీ," అని మురిసిపోయాడు.

పటం పూర్తవుతుండగా కోడ్‌లో ఒక నియమం కనబడింది. వానాకాలంలో వాగు అవతలి గూడేల నుంచి గెలలు వస్తే, వరస దాటించి ముందు పంపుతుంది. మేనేజర్‌కు తెలియకుండా ఆయనే పెట్టాడు.

"వాగు తగ్గేదాకా ఒడ్డు మీదనే రెండు దినాలు ఆగుతరు. మళ్ల ఈడ లైన్ల నిలవెడితే గెలలు కుళ్ళిపోతయ్, మనోళ్ళే వాపస్ పంపుతరు. ఆ ఒక్క గీత గియ్యకు తమ్మీ. మేనేజర్ చూస్తే నా నౌకరి పోతది."

సరేనన్నాను. ఆయన అటు వెళ్ళగానే ఎర్ర స్కెచ్ పెన్నుతో గీశాను. పటంలో లోపం ఉండకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన దాచింది నేను పట్టుకున్నానని నలుగురికీ తెలియాలి, అంతే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

మర్నాడు పటం చూడటానికి వచ్చిన మేనేజర్ వేలు నేరుగా ఆ గీత మీదే పడింది. "ఏంది గిది? ఎవర్నడిగి పెట్టినవ్?" అని సీనియర్ మీద అరిచాడు. ఆయన నావైపు చూశాడు. నేను ఊడని చార్టు మూలను అదుముతూ నిలబడ్డాను. ఆ పూటే ఆయన్ని పంపేశారు. ఆ నియమాన్ని నాతోనే తీయించారు. పటం ఉంది కదా, నిమిషం కూడా పట్టలేదు. మేనేజర్ భుజం తడితే సంతోషపడ్డాను కూడా.

తర్వాతి వానకు వాగు అవతలి ట్రాక్టరు లైను చివర ఆగింది. తడిసిన తువ్వాలుతో ఒక ముసలాయన నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆ పెద్ద సారు లేడా అయ్యా?"

"సెలవు పెట్టిండు," అన్నాను. "పోయి లైన్ల నిలవడు."