అప్పలనరసమ్మ గారి చేతులకు స్నానం

అది 2022 చలికాలం. భిలాయిలో సుపేలా మార్కెట్ వెనక ఉన్న ఒక చర్మవ్యాధుల క్లినిక్కులో నర్సుగా చేస్తున్నాను. అప్పటికే అక్కడ నాకు పంతొమ్మిదేళ్ల సర్వీసు. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, కాబట్టి నేను పుట్టింది ఈ ఊళ్లోనే. మా డాక్టరు గారు హిందీ మనిషి. తెలుగు పేషెంటు ఎవరొచ్చినా "ఉషా, మీ ఊరివాళ్లొచ్చారు" అని కేకేస్తారు. మా ఊరు ఇదేనండీ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి ఎక్కలేదు.

చలికాలం మాకు చేతుల సీజను. ఇక్కడి గాలి ఎముకలదాకా ఆరిపోయేలా పొడిగా ఉంటుంది. వయసు మళ్లినవాళ్ల చర్మంలో నూనె సహజంగానే తగ్గిపోతుంది, చర్మం పలచబడుతుంది. అలాంటి చేతులతో పొద్దస్తమానం నీళ్లలో పనిచేస్తే ఫిషర్లు వస్తాయి. ఫిషర్ అంటే పైపైన గీత కాదు, చర్మం లోపలికంటా చీలిన పగులు. దానికి మేము ముందుగా ఇచ్చేది ఎమోలియంట్, అంటే చర్మంలోని తడి బయటికి పోకుండా పట్టి ఉంచే పూత. అది ట్యూబులో క్రీము కావచ్చు, వంటింట్లో కొబ్బరినూనె కావచ్చు.

ఇంటివైద్యం మీద నాకు వెర్రి మోజూ లేదు, వెక్కిరింతా లేదు. ఫోనులో ఎవరో చెప్పారని నిమ్మచెక్క మీద పంచదార చల్లి పగుళ్ల మీద రుద్దుకుని, కళ్లమ్మట నీళ్లతో పరిగెత్తుకొచ్చినవాళ్లను బోలెడుమందిని చూశాను. "సహజమైనదే కదా దీదీ" అంటారు. తేలు కూడా సహజమైనదే అంటాను నేను. నోరు కాస్త దురుసని నాకు పేరుంది, ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నాను.

అప్పలనరసమ్మ గారు డిసెంబరు మొదట్లో ఒక్కతే వచ్చింది. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. ముతక చీర, చెవులకి దుద్దులు, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. చలికి అనుకున్నాను. పేరు, వయసు అడుగుతుంటే మధ్యలో ఆపేసింది.

"పేర్లు తర్వాత రాసుకుందువు గానమ్మా. ఈ చేతులు బాగౌతాయా, అవ్వవా? అది సెప్పు ముందు."

కొంగు తీసి చూపించింది. అరచేతులు ఎండుచెక్కలా గరుకుగా ఉన్నాయి. వేళ్ల కణుపుల దగ్గర, బొటనవేలి పక్కన ఎర్రగా నోళ్లు తెరిచిన పగుళ్లు. నొప్పి ఎలా ఉందని అడిగితే నొప్పిదేముంది అనేసింది. ఆమె బాధ వేరు.

"మా మునిమనవడికి నీల్లు పోయనివ్వట్లేదమ్మా నన్ను. నా చేతులు గీరుకుంతన్నాయంట."

పసిపిల్లలకి స్నానం చేయించడాన్ని మావాళ్లు నీళ్లు పోయడం అంటారు. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పిల్లని పడుకోబెట్టి, నూనెతో మర్దనా చేసి, శనగపిండి పూసి, చెంబుతో పోస్తారు. అందరికీ వచ్చే పని కాదు. వాళ్లుండే రుఆబాంధా సెక్టారులో ముప్పైయ్యేళ్లుగా తెలుగిళ్లలో పురుడొచ్చిందంటే ఈవిడనే పిలిచేవారు. మనవరాలు పింకీ పుట్టినప్పుడు దానికి పోసింది కూడా ఈవిడే. ఇప్పుడు ఆ పింకీయే పురిటికి పుట్టింటికొచ్చి, మూడువారాల కొడుకు వీపు మీద ఎర్రటి గీతలు చూసి, ఇక ముట్టుకోవద్దు నానమ్మా అంది.

"మూడో నెల్లో ఉయ్యాల్లో ఎడతారు. ఆ రోజుకైనా నా చేత్తో పోయాలమ్మా. పోయలేకపోతే నానింకెందుకు?" అంది.

డాక్టరు గారు చూసి హ్యాండ్ ఎగ్జిమా అన్నారు. చేతుల చర్మం రేగిపోయి, పైనుండే రక్షణ పొర దెబ్బతినే జబ్బు. ఒక క్రీము, రాత్రిపూట పూతకి ఇంకొకటి రాశారు. ఏ సబ్బు వాడుతున్నారని రివాజుగా అడిగాను. "మామూలు సబ్బేనమ్మా" అంది. నేను కాగితం మీద మామూలు సబ్బు అని రాసేశాను. పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్న నర్సు చేసిన నిర్వాకం అది.

రెండువారాల తర్వాత మళ్లీ వచ్చింది. చేతులు తగ్గకపోగా ఇంకా చెడ్డాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది. ముసలివాళ్లు మందు కొనుక్కెళ్లి అలమరాలో దాచుకోవడం మాకు కొత్త కాదు.

"క్రీము రాయట్లేదు కదూ? అలా అట్టేపెడితే ఏం పనిచేస్తుందమ్మా?" అన్నాను గట్టిగా, నలుగురూ వినేలా.

ఆవిడ సంచిలోంచి క్రీము ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. కిందనుంచి చుట్టచుట్టి, ఆఖరి చుక్కదాకా పిండేసిన ట్యూబు. రెండోదీ తీసి దాని పక్కనే పెట్టింది.

"సెప్పినట్టే రాసినానమ్మా" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో తిట్టినదాన్ని, నలుగురిలోనే క్షమించమన్నాను. "పోన్లే బొట్టె, నువ్వూ మా పింకీలాగే" అంది. ఆడపిల్లని మావాళ్లు బొట్టె అంటారు. మందు రాస్తున్నారు, రోగం పెరుగుతోంది. అంటే ఆ ఇంట్లో ఏదో ఒకటి మందుకి ఎదురు పనిచేస్తోంది. అదేమిటో క్లినిక్కులో కూర్చుంటే తేలదు. ఆదివారం నా స్కూటీ రుఆబాంధాకి తిప్పాను.

నేను వెళ్లేసరికి పింకీ ప్లాస్టిక్ టబ్బులో పిల్లాడికి స్నానం చేయిస్తోంది. వాడు చెవులు చిల్లులు పడేలా ఏడుస్తున్నాడు. అప్పలనరసమ్మ గారు గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. అలా చూస్తూ కూర్చోవడం ఆవిడకి ఎంత శిక్షో ఆ ముఖం చూస్తే తెలిసింది.

పిల్లాణ్ణి తుడిచాక పింకీ నా దగ్గరికొచ్చి సగం హిందీలో మెల్లగా చెప్పింది. "దీదీ, నేను నానమ్మని తిట్టలేదు, సచ్చీ. బేబీ పీఠ్ మీద లాల్ లాల్ గీతలు వచ్చాయి. నాకు డర్ లగ్ గయా, చాలా భయమేసింది. ఏం చెయ్యాలి, బోలో?"

దాని తప్పేమీ లేదు. నేనైనా అదే చేసేదాన్ని.

నాకు టీ పెడతానని అప్పలనరసమ్మ గారు లేచింది. ముందు పెరట్లో కుళాయి దగ్గరికెళ్లి చేతులు కడుక్కుంది. టీ పెట్టాక మళ్లీ కడుక్కుంది. గ్లాసులు తుడిచి మళ్లీ వెళ్లింది. నేను లేచి వెనకాలే వెళ్లాను. గోడ మీద రాయంత గట్టిగా, పసుపు తిరిగిపోయిన ఒక సబ్బుముక్క. వాసన చూస్తే ముక్కు మండింది. వర్క్‌షాపుల్లో గ్రీజు వదలడానికి ఇచ్చే సబ్బు అది. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి ఆ వాసన చిన్నప్పటినుంచీ తెలుసు.

"ఇదేనా అమ్మా మామూలు సబ్బు?"

"మరేటి? మా ఇంట్లో ఎప్పుడూ ఇదే."

"రోజుకి ఎన్నిసార్లు కడుగుతారు?"

"లెక్కేటుంది? పసిబిడ్డ ఉన్న ఇల్లు. నా చేతులు బాగోలేవని అన్నారు గదా, మరి సుబ్బరంగా ఉంచుకోవద్దా?"

ముడి అక్కడుంది. చేతులు గరుకుగా ఉన్నాయన్న మాటని ఆవిడ మురికిగా ఉన్నాయన్నట్టు తీసుకుంది. ఎంత కడిగితే అంత పగులుతున్నాయి. ఎంత పగిలితే అంత కడుగుతోంది. మేము రాసిచ్చిన క్రీము మొత్తం ఆ కుళాయి కింద కొట్టుకుపోతోంది.

ఈ సబ్బు పారేయండి అన్నాను. ఆవిడ ముఖం మారిపోయింది. నన్ను లోపలికి తీసుకెళ్లి మంచం కింద ట్రంకుపెట్టె లాగించింది. తెరిస్తే చీరలు కాదు, నిండా సబ్బులు. కాగితాల్లో చుట్టి, వరసగా పేర్చి ఉన్నాయి. ఆవిడ భర్త సింహాచలం గారు పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఫిట్టరుగా చేశారు. షెడ్డులో నెలకి రెండు సబ్బులిస్తే ఆయన ఒకటే వాడి, రెండోది ఇంటికి తెచ్చేవారట. ఆయన పోయి నాలుగేళ్లయింది.

"డూటీ నుంచి రాగానే ఇదే వాసనమ్మా ఆయన చేతులు. ఇప్పుడు నా చేతులికి ఆ వాసన ఉన్నాది. ఎలాగ పారీమంటావు?"

భర్త చనిపోయిన ఆడమనిషితో సబ్బులోని క్షారం గురించి ఏం మాట్లాడతాం? పెట్టెలోంచి ఒక సబ్బు తీసి పట్టుకున్నాను.

దాన్ని చూపిస్తూ అడిగాను. "ఆయన ఈ సబ్బు ఎందుకు వాడేవారమ్మా?"

"గిరీజు వదలడానికి."

"మీ చేతులకి గ్రీజుందా?"

ఆవిడ అరచేతులు తిప్పి చూసుకుంది. "నేదు" అంది.

"మరి ఈ ఇంట్లో గ్రీజు చేతులెవరివి?"

ఆవిడ కొడుకు, పింకీ నాన్న రమణ కూడా వర్క్‌షాపులోనే పనిచేస్తాడట. రోజూ సాయంత్రం గిన్నెలు తోమే పౌడరుతో చేతులు రుద్దుకుంటున్నాడట. తండ్రి దాచిన సబ్బు పెట్టెనిండా ఉండగా! ఆవిడ కూడా అదే ఆలోచించినట్టుంది, మెల్లగా తలూపింది. కానీ మళ్లీ మొదటికొచ్చింది. "మరి నా చేతులు దేంతో కడుక్కోను?"

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. "పసిపిల్లలకి నీళ్లెలా పోస్తారో చెప్పండి, నాకు రాదు" అన్నాను.

ఒక్కసారిగా ఆవిడ గొంతులో వెనకటి అధికారం వచ్చేసింది. "ముందు నూనె రాయాల. ఏళ్ల సందుల్లో కూడా. నీల్లు మరిగిపోకూడదు, మోచెయ్యి పెట్టి సూసుకోవాల. సబ్బు ముట్టకూడదు, శనగపిండి జల్లించి నీల్లలో కలిపి పుయ్యాలంతే, రుద్దీకూడదు. మెత్తటి గుడ్డతో అద్దాల. తడి పూర్తిగా ఆరకముందే మళ్లీ కూసింత నూనె."

పంతొమ్మిదేళ్లు డాక్టరు గారి పక్కన నిలబడి నేను నేర్చుకున్నదంతా ఆవిడ ఒక్క గుక్కలో చెప్పేసింది. గోరువెచ్చని నీళ్లు, చర్మాన్ని గీరని పిండి, అద్దడం, తడి మీదే పూత. ఒక్కటి కూడా తప్పు లేదు. ఊరందరి పిల్లలకీ చేసిన ఆ మర్యాద తన చేతులకి ఒక్కరోజు కూడా చెయ్యలేదు.

"ఈ రెండు చేతులూ కవలపిల్లలనుకోండి. ఇవాళే పుట్టారు. పొద్దున్న, సాయంత్రం వీళ్లకి నీళ్లు పొయ్యండి. గిన్నెలు, బట్టలు పింకీ వాళ్లమ్మ చూసుకుంటుంది. క్రీము మటుకు మానొద్దు" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఈ వయసులో కవలలేటే నాకు!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతా మంత్రమేసినట్టు మానిపోలేదు. వారం తర్వాత పగుళ్లు మూసుకోవడం మొదలైంది. మధ్యలో ఎవరో చెబితే ఆవనూనె రాసుకుని మంటెక్కి వచ్చింది, మళ్లీ తిట్లు తింది. పక్కనే ఉన్న ఉతై ఊళ్లో చుట్టాలు గానుగ నువ్వులనూనె పంపారు, అది పడింది. పడుకునేముందు రాసి, పాత నూలు మేజోళ్లు చేతులకి తొడుక్కోమన్నాను. "కవలలకి టోపీలు" అని ఆవిడే పేరు పెట్టింది. ముడతలు పోలేదు, పోవు కూడా. డెబ్బైయేళ్ల చేతికి ముడతలుండాలి. పోవలసింది గరుకు, నొప్పి.

మూడో నెల్లో, ఉయ్యాల్లో వేసే రోజున నన్నూ పిలిచారు. పింకీ నానమ్మ అరచేతిని తీసి ముందు తన చెంపకి ఆనించుకుంది, అటూ ఇటూ రుద్దుకుంది. కొడుకుని తెచ్చి ఆవిడ కాళ్ల మీద పడుకోబెట్టింది. ఆవిడ మోచెయ్యి నీళ్లలో పెట్టి చూసింది. నూనె చేతులు వాడి వీపు మీద పడగానే వాడు కెవ్వుమనబోయి ఆగాడు. స్నానం అయ్యేలోపు నిద్రపోయాడు. పింకీ మరోవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నాకూ ఆగలేదు.

సాంబ్రాణి పొగ వేసి, వాణ్ణి పింకీ చేతికిచ్చి, ఆవిడ నన్ను దగ్గరికి రమ్మంది. గిన్నెలో మిగిలిన నూనె ముందుకు లాక్కుంది, ఎందుకో నాకు అర్థం కాలేదు. నా చెయ్యి లాక్కుని చూసింది.

"నీ చేతులేటే ఇలగున్నాయి?"

పేషెంటుకీ పేషెంటుకీ మధ్య స్పిరిట్‌తో తుడుచుకునే చేతులవి. కణుపులు తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి, చూపుడువేలి పక్కన రెండు పగుళ్లు. పంతొమ్మిదేళ్లలో మా డాక్టరు గారు చూడలేదు, నేనూ చూసుకోలేదు. డ్యూటీ కదమ్మా అని చెయ్యి వెనక్కి లాక్కోబోయాను. ఆవిడ వదల్లేదు. అదే వేళ్లతో ఒక్కొక్క వేలి సందుకీ నూనె పట్టించింది.

"ఆడికి నాను పోసినాను. నాకు నాను పోసుకున్నాను. నీకెవులు పోస్తారే?"

ఈ కేసు తర్వాత ఏ పేషెంటునీ ఏ సబ్బు వాడతారని అడగడం మానేశాను. సింకు దగ్గరికి తీసుకెళ్లి, ఇంట్లో కడుక్కున్నట్టే ఒక్కసారి కడుక్కుని చూపించండి అంటాను. మాటల్లో మామూలు అనిపించేది, కళ్లతో చూస్తే మామూలుగా ఉండదు. ఇంకొకటి కూడా మారింది. నా బల్ల సొరుగులో ఇప్పుడొక చిన్న నూనెసీసా ఉంటుంది. ఆఖరి పేషెంటు వెళ్లిపోయాక, స్కూటీ తాళం తీసేముందు, నా కవలలకి నేనే నీళ్లు పోసుకుంటాను.