కడిగిన ఉస్మానియా నోటు

వరంగల్ చౌరస్తా దగ్గర పాండురంగం దుకాణం రెండు కుర్చీలు పట్టేంత. పాత నోట్లకు, నాణేలకు వెల కట్టడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. ఈ మధ్య ఆ పనిలో సగానికి పైగా జనాన్ని నిరాశపరచడమే అయింది. ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలొస్తాయని ఫోన్‌లో వీడియో చూసి రోజూ ఎవరో ఒకరు వస్తారు. "అది ఐదు రూపాయలే తమ్మీ" అంటే, తనేదో దాస్తున్నట్టు చూసి పోతారు. పొద్దుగూకేసరికి ఆయనకు మాట్లాడే ఓపిక ఉండదు.

మొన్న జూన్‌లో వర్ధన్నపేట నుంచి కట్టమ్మ అనే ముసలామె వచ్చింది. కొంగుముడి విప్పి, ప్లాస్టిక్ కవర్‌లోంచి ఒక నోటు తీసింది. పాండురంగం కుర్చీలో ముందుకు జరిగాడు. నిజాం కాలపు ఉస్మానియా పది రూపాయలు. అసలుదే. ఇలాంటిది చేతికొచ్చి ఎన్నాళ్లయిందో!

వెలుతురుకు ఎత్తి చూశాడు. చిరుగు లేదు, పిన్ను గుచ్చిన రంధ్రమైనా లేదు. కానీ రంగు వెలిసిపోయింది. కాగితం గుడ్డపేలికలా మెత్తబడింది.

"కడిగినవా అవ్వా?"

"మా మామ సందూకల దొరికింది సారూ. మురికిగుంటే తక్కువిస్తరని సర్ఫుల ముంచి తీసిన. ఇస్త్రీ గూడ చేపిచ్చిన. కండ్ల ఆపరేషన్ ఉన్నది, జర మంచిగ చూడు."

కడగకపోతే ఎనిమిది వేలు పలికేది. ఇప్పుడు రెండు వేలు కూడా కష్టమే.

"రెండు వేలిస్త" అన్నాడు.

"గంతేనా? కడిగినందుకు తగ్గిందా?"

నోటు విషయంలో ఆయన ఎన్నడూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు.

"లేదవ్వా. దాని ధరనే గంత."

"అయితె నాదేం తప్పు లేదన్నట్టు" అంటూ ఆమె డబ్బు కొంగున కట్టుకుంది. హనుమకొండ దవాఖానకు ఏ ఆటో పోతుందో అడిగి, మెల్లగా మెట్లు దిగింది.

వారం తర్వాత, పాత నోట్లు పోగుచేసే రాజేశ్వర్ రావు వచ్చాడు. నోటు వేళ్ల మధ్య పట్టుకోగానే ముఖం చిట్లించాడు.

"ఎవరు ఖరాబు చేసిన్రే దీన్ని? ఏమన్న తెలివుండాల్నా వద్దా?"

"నీళ్లల్ల పడ్డదట" అన్నాడు పాండురంగం.

పదిహేను వందలకు బేరం కుదిరింది. మరో మాట పెంచే ఓపిక లేక ఇచ్చేశాడు.