పలకకు రాసిన పసుపు

శుక్రవారం వస్తే మా అవ్వ గడపకు పసుపు రాయకుండా మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. మా దిక్కు అమ్మనే అవ్వ అంటాం. వేల్పూర్ పక్కన మా ఊళ్లో ఏ గడప చూసినా పచ్చగానే ఉంటుంది. పండించేదే పసుపు, ఇక దానికి కరువేముంది? కొత్త గొడ్డలి కొన్నా, కుట్టుమిషన్ తెచ్చినా ముందు దానికి ఇంత పసుపు పూసి బొట్టు పెట్టాల్సిందే. ఆ అలవాటు మీద నాకు ఒళ్లు మండిన రోజు ఒక్కటే ఉంది. దాన్ని ఇప్పటికీ మింగలేను, కక్కలేను.

బాపు పోయాక అన్న దుబాయి వెళ్లాడు. ఎడారిలో రోడ్డు పని. అక్కడి నుంచి పక్క ఊరి మనిషితో ఒక సెల్‌ఫోను, ఒక సోలార్ పలక పంపాడు. నాలుగు నల్ల రేకులు, పుస్తకంలా మడతపడతాయి. విప్పి ఎండకు పెట్టి వైరు ఫోన్‌కు గుచ్చితే చార్జింగ్ ఎక్కుతుంది. క్యాంపులో ఎవరో ఇంజినీరు పారేసిన వస్తువట, ఒక రేకు మూల పగిలి ఉండేది. అవ్వకు మాత్రం అది కొడుకు చెమట. పాత చీరలో చుట్టి పెట్టెలో అడుగున దాచింది. చూస్తానని ఎవరైనా అడిగితే చెయ్యి కడుక్కుని రమ్మనేది.

ఆ తర్వాత అక్కడ పనిలో పెట్టుకున్న సేఠ్ జీతం ఇవ్వకుండా సతాయించాడు. పాస్‌పోర్టు అతని దగ్గరే వదిలేసి అన్న పారిపోయాడు. అట్లా కాగితాల్లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను మా దిక్కు ఖల్లివెల్లి అంటారు. మా ఇంట్లో ఆ మాట ఎవరం అనేవాళ్లం కాదు. ఊళ్లోవాళ్లు మాత్రం మేం వినేటట్టే అనేవాళ్లు, వాళ్ల నోళ్లు పడిపోను.

పసుపు తవ్వే రోజుల్లో, ఒక మంగళవారం, ఎవరిదో ఫోను అడుక్కుని అన్న మాట్లాడాడు. కాగితాల్లేనివాళ్లు శిక్ష లేకుండా తమ దేశాలకు వెళ్లిపోవచ్చని అక్కడి సర్కారు గడువు పెట్టిందట. శనివారం ఆఖరు. అర్జీలో పాత పాస్‌పోర్టు నంబరు రాయాలి, అది అతనికి గుర్తు లేదు.

“దాని జిరాక్స్ నిజామాబాద్‌ల ఏజెంటు తాన ఉంటది చెల్లే. ఎట్లన్న జేసి పట్టుకరా. సుక్కురారం రెండు గంటలకు మల్ల జేస్త. ఫోన్ బంద్ వెట్టకుండ్రి, నీ కాళ్లు మొక్కుత. గీసారి తప్పిందంటే ఇగ నేను జైల్ల వడ్డట్టే.”

అన్న నా కాళ్లు మొక్కుతాననడం! ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

అప్పటికి మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వారం దాటింది. రిపేరుకు పంపారు, రేపు మాపు అంటున్నారు. ఊళ్లో అందరి ఫోన్లూ చచ్చిపడి ఉన్నాయి. మా ఒక్క ఫోనే పలక పుణ్యమా అని బతికి ఉంది. బుధవారం దాన్ని అవ్వ దగ్గరే వదిలి నేను నిజామాబాద్ పోయాను. అన్న ముందే చేస్తే ఎట్లా అన్న భయం. ఏజెంటు మహానుభావుడు రేపు రమ్మన్నాడు. గురువారం మళ్లీ పోతే పొద్దూకేదాకా బల్ల మీద కూర్చోబెట్టి, చివరికి ఆ కాగితాన్ని బిచ్చం వేసినట్టు విసిరాడు. దాన్ని రవికెలో దాచుకుని బస్సెక్కాను.

ఆ రెండు రోజులూ మబ్బు. కళ్లంలో ఆరబోసిన పసుపు మీద అందరూ తాడిపత్రీలు కప్పుకున్నారు. పలకకు ఎండ లేదు, ఫోన్‌లో ఒక్క గీత మిగిలింది. శుక్రవారం తెల్లారేసరికి మాత్రం ఆకాశం కడిగినట్టుంది. పలకను వాకిట్లో విప్పి, వైరు గుచ్చి, ఫోన్‌ను బుట్ట నీడన పెట్టాను. వేల్పూర్ పోయి ఏ దుకాణంలోనో చార్జింగ్ పెట్టుకోవచ్చు కదా అంటారు మీరు. నన్ను నేను వెయ్యిసార్లు అడుక్కున్నాను ఆ మాట. పలక ఉంది, ఎండ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. పైగా పసుపు ఉడకబెట్టే కడాయి వంతు ఆ రోజు మాది. వదులుకుంటే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో.

“అవ్వా, దీన్ని కదిలియ్యకు, పైలం,” అని చెప్పి పోయాను.

అవ్వ కదిలించలేదు.

ఒకటిన్నరకు వచ్చి చూస్తే వాకిట్లో పచ్చటి పలక. నాలుగు రేకులకూ మందంగా, అంచు నుంచి అంచు దాకా, గడపకు పూసినట్టే పసుపు పూసింది. రేకుకు మూడేసి కుంకుమ బొట్లు. నేను కడాయి దగ్గరికి పోగానే పూసినట్టుంది, ఎండకు ఆరి పెచ్చుకట్టింది. ఫోను ఆరిపోయి ఉంది.

“సుక్కురారం గద బిడ్డా. కొడుకు మాట అచ్చేది దీంట్లకెల్లి. గందుకే మంచిగ రాసిన,” అంది అవ్వ. ముఖం వెలిగిపోతోంది.

నాకు కళ్లు కనబడలేదు. “ఎండ తాకకుంట జేస్తివి గదనే! నీ కొడుకును నువ్వే సంపుకున్నవ్! నీ చేతులిరగ! పసుపు, పసుపు! నెత్తిన పోసుకో నీ పసుపు!” అని అరిచాను. కన్నతల్లిని నేను అన్న మాటలివి. ఊరంతా విన్నది.

ముందు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంబుతో నీళ్లు తెచ్చి, కొంగు తడిపి తుడవడం మొదలుపెట్టింది. ఆ కొంగుకు పోలేదని గోళ్లతో గీకింది. మేం పండించే పసుపు సంగతి తెలియనిదా? పట్టిందంటే అంత తొందరగా వదలదు. పచ్చదనం పలచబడింది గానీ పోలేదు. పలకను ఎండకు ఎదురుగా నేను ఎత్తి పట్టుకున్నాను. ఆమె తుడుస్తూనే ఉంది. రెండయింది. రెండూ పదయింది. ఫోన్‌లో చిన్న వెలుగు వచ్చింది. ఆన్ చేసిన కాసేపటికే మోగింది.

“చెల్లే! ఎన్నిసార్లు జేసిననే! జెల్ది సదువు!”

చదివాను. ముందు అక్షరం, తర్వాత ఒక్కొక్క అంకె. అన్న ఒక్కోటీ తిరిగి పలుకుతున్నాడు. అయిదో అంకె దాకా అతని గొంతు విన్నాను. ఆరో అంకె, ఏడో అంకె నేను అరిచాను. అవతల చప్పుడు లేదు. చూస్తే ఫోను ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిందో తెలియదు.

సైకిల్ మీద వేల్పూర్ దాకా ఊపిరి బిగబట్టి తొక్కాను. ఒక దుకాణంలో చార్జింగ్ పెట్టి, అన్న మాట్లాడిన నంబరుకు ఫోన్ బూత్ నుంచి చేశాను. ఎత్తలేదు. బూత్ మూసేదాకా చేశాను. ఎత్తలేదు. ఇంటికొచ్చేసరికి అవ్వ వాకిట్లో అట్లాగే కూర్చుని ఉంది, తడి కొంగు ఒళ్లో పెట్టుకుని.

రెండు నెలల తర్వాత అన్న ఫోను. “కాలే. ఏమడగకు చెల్లే. ఎప్పుడన్న అస్త,” అన్నాడు, పెట్టేశాడు. ఎందుకు కాలేదని అడిగే ధైర్యం నాకు లేదు. ఆ రెండు అంకెలే అంటాడని భయం. తర్వాత ఎన్నడు మాట్లాడినా అడగలేదు. అవ్వా అడగలేదు.

ఆ శుక్రవారం తర్వాత అవ్వ మళ్లీ పసుపు ముట్టలేదు. పసుపు పండే ఊళ్లో మా గడప ఒక్కటే బోడిగా ఉండేది. నేను రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. తప్పయింది అవ్వా అని ఒక్కసారి అంటే సరిపోయేదేమో. నేను అనలేదు. నిజంగా ఆమెదే తప్పని నాలో ఒక మూల అనుకుంటూనే ఉన్నాను, అదీ నా బుద్ధి.

రెండున్నరేళ్లకు అన్న వచ్చాడు. జైలు చేసి, సగమై వచ్చాడు. లోపలికి రాబోతూ ఆగి, “గడపకు పసుపు లేదేందే?” అన్నాడు. అవ్వ అతని చేతిలో సంచి అందుకుని లోపలికి నడిచింది. అన్నం తింటుండగా ఇక ఉండబట్టలేక అడిగేశాను.

“అన్నా, గాడ నంబరు తప్పు రాసినవా? ఆఖరి రెండు ఇనవడలేదా?”

“అన్ని ఇనవడ్డయ్. మంచిగనే రాసిన. నేను పారిపోంగనె సేఠ్ నా మీద దొంగతనం కేసు వెట్టిండంట. కేసున్నోన్ని ఇడువరు. ఏ నంబరు రాసినా గంతే. ఫోన్ల ఎట్ల జెప్పాలె, అవ్వకు నేను దొంగనని?”

అవ్వ వడ్డించే గరిట గిన్నెలోనే వదిలేసింది. “గట్లనా బిడ్డా,” అంది, అంతే. నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

నేను లోపలికి పోయి పసుపు తడిపి, గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను. కాళ్ల మీద పడ్డాను. రాయి అవ్వా, నువ్వే రాయి అని బతిమాలాను. ఆమె నా తల నిమిరింది. గిన్నెను మెల్లగా నా వైపు జరిపింది.

“నువ్వు రాయి బిడ్డా. నా చేతులకు ఇంక భయం పోలే.”